టమాటాకి తొడిమ

మార్చి 3, మంగళవారం

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే నర్సు మాత్ర ఇస్తుందనుకున్నాను. నోటుబుక్కు కొనుక్కోమంది. దిగుళ్లన్నీ పడుకోబోయే ముందు రాసేస్తే అవి కాగితం మీద పడి ఉంటాయట, తలలోకి రావట. పదమూడో ఏట బడి మానేసి పీచ్ పళ్లు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో చేరినదాన్ని, నాకు రాతలేమిటన్నాను. "ఎవరికీ చూపించక్కర్లేదు మెర్ల్, మీకోసమే" అంది.

సరే, దిగులు. డ్రైవింగు పరీక్ష. వచ్చే నెల తొమ్మిదికి నాకు ఎనభై అయిదు నిండుతాయి. ఆలోగా రవాణా ఆఫీసు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని టౌన్లో నా కారు నడిపి చూపించాలి. తప్పితే ఇంటి చుట్టుపక్కల వరకే చెల్లే లైసెన్సు ఇస్తారు. మా ఊరు బురాండీలో నా ఇంటి చుట్టుపక్కల ఉన్నవి పోస్టాఫీసు, పబ్బు, శ్మశానం. డాక్టరు, మందుల షాపు, కూరగాయలు, జుట్టు సర్దే అమ్మాయి, అందరూ గిల్‌మోర్‌లోనే. గోధుమ పొలాల మధ్య నుంచి అంత దూరం పోవాలి. బస్సు లేదు.

నేను తప్పితే ఊనా, బెరిల్ కూడా తప్పినట్టే. ఊనాకి తుంటి మార్చారు, నడపకూడదు. బెరిల్‌కి చూపు ఆనదు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది. ప్రతి గురువారం ఇద్దరినీ టౌనుకి తీసుకెళ్లేది నేనూ, నా కారు టమాటా.

పొయ్యి ఆపానో లేదో. చూసి వస్తాను.

ఆపాను.

మార్చి 5, గురువారం

కంగారూని గుద్దాను.

మార్చి 6, శుక్రవారం

నిన్న ఆ ఒక్క ముక్కే రాయగలిగాను. ఇప్పుడు ఫరవాలేదు. నేనేమీ కంగారు పడటం లేదు.

టౌను నుంచి వస్తున్నాం. పొద్దు వాలుతోంది. ఊనా ఒళ్లో గుడ్ల అట్ట పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. బెరిల్ వెనకనుంచి "ఇంత నెమ్మదిగా పోతే నా పాలు పెరుగైపోతాయే" అంటోంది. కుడివైపు గడ్డిలోంచి ఒక్క గెంతు గెంతి వచ్చి పడింది. మనిషంత ఉంది. టమాటా ముందు భాగం నలిగిపోయింది. కంగారూ లేచింది. దులుపుకుంది. మమ్మల్ని ముగ్గురినీ ఒకసారి చూసి గెంతుకుంటూ పోయింది.

"దానికేం కాలేదు" అంది ఊనా. గుడ్లకీ ఏం కాలేదు. కారుకే అయింది.

మెకానిక్ లెక్స్ తన టోయింగ్ లారీ తెచ్చాడు. టమాటా నేనూ మా ఆయన రెగ్ కలిసి కొన్నది. ఎర్రటి చిన్న కారు, మాన్యువల్ గేర్లు, అద్దాలు చేత్తో తిప్పి దించాలి. రెగ్ పోయాక కూడా అది పోలేదు. దార్లో ఎవరు ఎదురొచ్చినా అంత దూరం నుంచే గుర్తుపట్టి స్టీరింగ్ మీంచి పలకరింపుగా ఒక వేలెత్తుతారు. నేనూ ఎత్తుతాను. ఇన్నేళ్లలో ఒక్కరినీ వదల్లేదు.

లెక్స్ బానెట్ ఎత్తబోయాడు. ఎత్తడానికి అక్కడ బానెట్ లేదు.

"మెర్ల్, ఇంజన్ రాయిలా ఉంది. కానీ ముందు భాగమంతా మార్చాలి. ఈ మోడల్ మానేసి చాలా కాలమైంది, సామాను దొరకదు."

"ఎక్కడా?"

"ఉన్నదల్లా ఒక్కటే. క్లెమ్ షెడ్డులో ఆకుపచ్చది. వాళ్లావిడ ఐవీది. ఇప్పుడు దాన్లో కోళ్లు కాపురం చేస్తున్నాయి."

క్లెమ్‌కి ఫోన్ చేశాను. "అది ఐవీది. అమ్మను" అని పెట్టేశాడు. ఐవీ పోయి ఎన్నేళ్లయిందో. ఆయన్ని తప్పుపట్టను. కానీ కోళ్లకిచ్చాడు కదా.

మార్చి 9, సోమవారం

పాత చిన్న కార్లు అమ్ముతామని పేపర్లో వేసినవాళ్లకి లెక్స్ ఫోన్లు చేశాడు. ఏదీ మిగల్లేదు. కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లలంతా వాటికోసమే కాచుకుని ఉన్నారట. ప్రకటన పడేలోపే పోతున్నాయట.

కారు కొనే ఉద్దేశం నాకు లేదు. ఊరికే అడిగించాను.

మార్చి 12, గురువారం

కారు కొనే ఉద్దేశంతో కాదు, లెక్స్ సామాను తేవడానికి పోతున్నాడంటే లారీలో నేనూ బెరిల్ కూడా ఎక్కి గిల్‌మోర్ షోరూముకి వెళ్లాం. ఎక్కడం లెక్స్ కిందనుంచి నెట్టితే అయింది. దిగడం మాటేమిటో ముందు ఆలోచించలేదు.

షోరూములో జారడ్ అనే కుర్రాడు. పళ్లు బాగున్నాయి.

"చిన్న కారు కావాలి" అన్నాను.

"ఇదే చిన్నది" అని ఒకటి చూపించాడు. తెల్లది. మా గొర్రెల షెడ్డు దీనికంటే చిన్నది.

"దీని నీడలో మా పాత కారు పెట్టుకోవచ్చు" అంది బెరిల్. ఆమెకి చూపు ఆనకపోయినా అది కనబడింది.

"నిజంగా చిన్నది కావాలి బాబూ. ముగ్గురం ముసలాళ్లం, ఒక పాలడబ్బా, కూరగాయల సంచీ."

"చిన్నవి రావడం మానేశాయి మెర్ల్. ఎవరూ కొనడం లేదని కంపెనీ ఆపేసింది."

"నేను కొంటానుగా."

"అమ్మడానికి లేవుగా."

"లేవు కాబట్టి కొనడం లేదా, కొనడం లేదు కాబట్టి లేవా?" అంది బెరిల్.

కుర్రాడు అటూ ఇటూ చూశాడు. వెనక అద్దాల గదిలో మేనేజరు ఫోన్లో ఉన్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "చూడండి, చిన్న కారైనా పెద్ద కారైనా అవే కెమెరాలు, అవే గాలిసంచులు, అవే రూల్సు. చేసే శ్రమ ఒకటే. చిన్నదానిలో కంపెనీకి మిగిలేది టీ ఖర్చు. పెద్దదానిలో భోజనం."

"మరి మాలాంటి వాళ్లు?"

"మీలాంటి వాళ్లకి ఇదే చిన్నది" అని మళ్లీ దాన్నే తట్టాడు.

ఎక్కి కూర్చున్నాను. తాళం పెట్టే కన్నం లేదు. ఎదురుగా రొట్టె కాల్చే పళ్లెమంత తెర. క్లచ్ లేదు. పదహారో ఏటనుంచీ పనిచేస్తున్న నా ఎడమకాలు, ఉద్యోగం ఊడినట్టు నేలమీద వెతుక్కుంటోంది. బానెట్ అవతల ఏముందో దేవుడికే తెలియాలి.

వారం నడిపి చూడండి, నచ్చకపోతే వెనక్కివ్వండి అన్నాడు. వద్దందామనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, పరీక్షకి కారు మనమే తెచ్చుకోవాలి. దీన్ని నడపడమన్నా రాకపోతే ఎలా?

తల దిండు మీద కూర్చుని ఇంటికి నడిపాను. దిండు షోరూము వాళ్లది. ఇచ్చేయాలి, మర్చిపోకూడదు.

మార్చి 13, శుక్రవారం

ఈ కారుకి నేను నచ్చలేదు.

నిన్న దార్లో ఎదురొచ్చిన ప్రతి బండికీ వేలెత్తాను. అటు చూసినప్పుడల్లా అది గంట కొట్టి "రోడ్డు మీద దృష్టి పెట్టండి" అంది. ఆడగొంతు. నాకు స్కూల్లో పాఠాలు చెప్పిన సన్యాసిని సిస్టర్ బ్రెండన్ గొంతు. తర్వాత తెరమీద కాఫీ కప్పు బొమ్మ వేసి కాసేపు ఆగమంది. నాకు కాఫీ పడదు.

అంతకంటే బాధ, ఒక్కరూ తిరిగి వేలెత్తలేదు. అద్దాలు నల్లగా ఉన్నాయి, లోపల ఎవరున్నారో తెలియదు. పోస్టు బండి నడిపే నెవిల్ కూడా ఎవరో టౌను మనిషిలే అన్నట్టు ముఖం తిప్పుకుని పోయాడు. ఈ రోడ్డు మీద నేను కానిదాన్నైపోయాను.

ఊనాని పక్కవీధి దాకా తిప్పాను. "ఒసే, సీటు సరిగ్గా నా పిర్రల ఎత్తుకే వచ్చిందే! వంగక్కర్లేదు, లేవక్కర్లేదు!" అని మురిసిపోయింది. ద్రోహి.

మార్చి 16, సోమవారం

పచ్చిక మీద బంతులు దొర్లించే మా బౌల్సు క్లబ్బు జెండా సగానికి దించారు. ఎవరో పోయారు. తెల్ల కారులో పోతూ చూశాను, ఆగి అడుగుదామంటే అంత పెద్ద బండిని ఆపే చోటు కనబడలేదు.

బెరిల్‌ని అడిగాను. "ఎవరే పోయింది?"

"ఎవరో" అంది నోట్లో ఏదో పెట్టుకుని. ఎప్పుడు ఫోన్ చేసినా నములుతోంది.

ఎవరై ఉంటారు? నెవిల్ తల్లికి ఛాతీలో నొప్పి అన్నారు. పాపం ఆమె నాకంటే చిన్నది. నిద్ర పట్టదు ఈ రాత్రి.

మార్చి 17, మంగళవారం

పోస్టాఫీసుకి నడిచి వెళ్లాను. మూసేశారు. "కార్యక్రమం వివరాలు తర్వాత తెలియజేస్తాం" అని కాగితం అంటించారు. పేరు రాయలేదు. పేరు అక్కర్లేదన్నట్టు. అంటే అందరికీ తెలిసిన మనిషే. నాకొక్కదానికే ఎవరూ చెప్పలేదు.

ఊనా ఫోన్ ఎత్తి "నేను మాట్లాడకూడదు, బెరిల్ ఒట్టు వేయించుకుంది" అని పెట్టేసింది. ఊనాయే పోయిందేమోనని క్షణం భయపడ్డాను. తర్వాత, ఫోన్ ఎత్తింది కదా.

ఎవరైతేనేం, పోయినవాళ్ల ఇంటికి వట్టి చేతులతో ఎలా వెళ్తాం? రేపు గొర్రెమాంసం, కారెట్లు వేసి గిన్నె ఒకటి ఓవెన్లో పెడతాను. ఎవరింటికివ్వాలో బెరిల్‌కి తెలియకుండా ఉండదు.

మార్చి 18, బుధవారం

పోయింది నేనేనట.

ఉన్నదున్నట్టు రాస్తాను, లేకపోతే రేపు నేనే నమ్మను.

వేడి గిన్నె గుడ్డలో చుట్టుకుని బెరిల్ ఇంటికి వెనక తలుపు గుండా వెళ్లాను. వంటింటి బల్ల మీద ఎక్కడ చూసినా గిన్నెలే. గొర్రెమాంసం, కోడి, సాసేజీలు, జోన్ చేసే ఆప్రికాట్ కూర. గిన్నెల అడుగున ఎవరి పేరు వాళ్లు టేపు మీద రాసి అంటించారు. ఊనా ఒక మూల గిన్నెలో స్పూను ఆడిస్తోంది. నన్ను చూసి స్పూను వదిలేసింది.

ముందు గదిలో ఎవరో మగమనిషి గొంతు. గుమ్మంలోంచి చూస్తే క్లెమ్. టోపీ చేతిలో పట్టుకుని, బల్లమీద ఇంకో గిన్నె పెట్టి నిలబడ్డాడు. బెరిల్ చేతిరుమాలుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఎంత నటించిందో చూడాలి.

"మెర్ల్ ఆ పూట ఫోన్ చేసింది" అంటున్నాడు క్లెమ్. "ఐవీ కారు అడిగింది. మాట పూర్తికానివ్వకుండా పెట్టేశాను. అదే ఆఖరి మాటని నాకేం తెలుసు? లెక్స్ లారీ మీద ఆ చిన్న కారు నుజ్జయి పోతుంటే చూశాను బెరిల్, లోపలి దెబ్బ అప్పటికి ఆమెకి తెలిసుండదు. ఆ తర్వాత ఆమె ఇంటి ముందు షోరూము తెల్ల కారు. ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లదే అనుకున్నారంతా. ఐవీ ఉంటే ఇచ్చేయి అనేది. నేను కోళ్లకోసం దాచాను. ఇచ్చుంటే ఏం పోయేది?"

"నిజమే" అంది బెరిల్ ముక్కు చీదుతూ. "పాపం, ఆ కారే ఆఖరి కోరిక."

అప్పుడు నా గిన్నె చెయ్యి కాల్చింది. "అబ్బా!" అన్నాను.

క్లెమ్ తిరిగి చూసి కుర్చీలో కూలబడ్డాడు. కింద పడకపోవడం మంచిదైంది, ఆయనదీ మార్చిన తుంటే.

"నువ్వు పోయావు కదా" అన్నాడు.

"నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

బెరిల్ మీద పడ్డాను. ఎప్పటినుంచి తెలుసే నీకు? "ఆదివారం నుంచే. చెప్దామనే అనుకున్నాను. ఈలోగా, నీకు దగ్గరవాళ్లం మేమేనని జోన్ ఆప్రికాట్ కూర నాకు తెచ్చింది. ముక్క నోట్లో పెడితే కరిగిపోయిందే. తర్వాత ఒకళ్ల వెనక ఒకళ్లు. నువ్వు పోయాక తిన్నంత బాగా నేనెప్పుడూ తినలేదు."

"నాకు ఒట్టు వేయించింది" అంది ఊనా.

"నువ్వూ తిన్నావుగా!"

క్లెమ్ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు, తీశాడు. అంతా విన్నవాళ్లం ముగ్గురం ఎదురుగా ఉన్నాం. మాట వెనక్కి తీసుకునే దారి లేదు ఆయనకి. "ఇచ్చుంటే బాగుండేదన్నాను" అన్నాడు నేలకేసి చూస్తూ. "అన్నానా?"

"అన్నావు" అంది బెరిల్. "కన్నీళ్లు పెట్టుకుని మరీ అన్నావు."

"లెక్స్‌ని రమ్మనండి. కోళ్లని మాత్రం నెమ్మదిగా దించమనండి" అని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి తన గిన్నె తీసుకోబోయాడు.

"అది ఉండనీ" అంది బెరిల్.

మార్చి 19, గురువారం

క్లబ్బు జెండా పైకి ఎత్తారు. కార్యదర్శి క్షమాపణ చెప్పాడు. నా గురించి మాట్లాడటానికి నాలుగు ముక్కలు రాసుకున్నాడట. చూపించమన్నాను. "ఆమె ఎవరికీ వేలెత్తకుండా పోలేదు" అని రాశాడు. బాగానే రాశాడు. దాచుకోమన్నాను, ఎప్పుడైనా పనికొస్తుంది.

తెల్ల కారు, దిండు రెండూ గిల్‌మోర్‌లో ఇచ్చేశాను. సిస్టర్ బ్రెండన్ చివరి మలుపు దాకా గంట కొడుతూనే ఉంది.

జారడ్ బయటిదాకా వచ్చాడు. మేనేజరు కనబడకుండా స్తంభం వెనక నిలబడి, "ఆ చిన్న కారు బాగుచేయిస్తున్నారా? ఎప్పుడైనా అమ్మాలనిపిస్తే ముందు నాకు చెప్పండి" అన్నాడు.

"షోరూముకా?"

"మా చెల్లికి. మొన్నే లైసెన్సు వచ్చింది. ఇక్కడున్నవేవీ మేము కొనలేం."

ఆ మంచి పళ్ల కుర్రాడు అలా నిలబడితే జాలేసింది. వెనక వరసగా తెల్లటివి మెరుస్తున్నాయి. అమ్మనన్నాను.

మార్చి 23, సోమవారం

లెక్స్ దగ్గరకి రెండుసార్లు వెళ్లాను. మూడోసారి వెళ్తే గేటు వేసేస్తానన్నాడు.

మార్చి 24, మంగళవారం

గేటు వేశాడు.

మార్చి 30, సోమవారం

వచ్చింది.

ముందు భాగమంతా ఐవీ కారుది. రేడియేటర్, లైట్లు, హీటరు, బానెట్. ఊనా కూర్చునే సీటు స్ప్రింగులు పోయాయని ఆ సీటూ దానిదే వేశాడు. రంగు వేసే వ్యవధి లేదన్నాడు. అందుకని ఒళ్లంతా ఎరుపు, ముందు బానెట్ ఆకుపచ్చ.

బెరిల్ ముఖం బానెట్ దగ్గరగా పెట్టి చూసింది. "ఇన్నాళ్లూ టమాటాకి తొడిమ లేదు. ఇప్పుడు వచ్చింది."

కొద్దిగా కోళ్ల వాసన. నిమ్మతొక్క పెట్టాను. ఇప్పుడు నిమ్మతొక్క తిన్న కోళ్ల వాసన.

క్లచ్ తొక్కాను. ఎడమకాలికి ప్రాణం లేచొచ్చింది.

ఎల్లుండే పరీక్ష. నాకేం భయం లేదు. పొయ్యి ఇప్పటికి నాలుగోసారి చూసి వచ్చాను, అది వేరే సంగతి.

ఏప్రిల్ 1, బుధవారం

పరీక్ష పెట్టే ఆవిడకి నవ్వే అలవాటు లేదు. అట్ట మీద కాగితం, పెన్ను. బానెట్ కేసి చూసింది. కూర్చోగానే ముక్కు ఎగబీల్చింది.

చలికాలం మొదలవుతోంది, హీటరు వేశాను. గాలి కన్నంలోంచి ఈకలు వచ్చాయి. ఒకటి ఆవిడ భుజం మీద వాలింది.

"ఇదేమిటి?"

"కోడిది" అన్నాను. ఏం చెప్పాలి మరి? హీటరు ఆపాను. ఆవిడ ఏదో రాసుకుంది.

స్టాప్ గుర్తు దగ్గర బ్రేకు వేశాను. ఆవిడ సీటు కింద స్ప్రింగుల్లో ఇరుక్కున్నదేదో టక్కున ఊడి, దొర్లుకుంటూ వచ్చి చెప్పుకి తగిలింది. గుడ్డు. ఆవిడ కాళ్లు రెండూ పైకెత్తేసింది.

"భయపడకండి, పగలదు. పింగాణీది. గుడ్లు గూట్లోనే పెట్టాలని కోళ్లకి తెలియడానికి అక్కడ ఉంచుతారు."

ఆవిడ కాళ్లు దించలేదు. రాసుకోవడమూ మానలేదు. అయిపోయిందనుకున్నాను. ఇక పోస్టాఫీసు, పబ్బు, శ్మశానం. అదే వరుసలో.

ఊరి బయట రోడ్డెక్కాక ఎదురుగా వచ్చిన పాల లారీకి వేలెత్తాను. అతనూ ఎత్తాడు. గడ్డి ట్రాక్టరుకి ఎత్తాను. అతనూ ఎత్తాడు. ఎన్నాళ్లకి! కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ తుడుచుకోలేదు, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి.

"ఎవరికి ఎత్తుతున్నారు?" అంది ఆవిడ.

"ఎదురొచ్చేవాళ్లకి."

"తెలిసినవాళ్లా?"

"తెలియకపోతే మాత్రం?"

అంతలో ఎదురుగా పాత తెల్ల వ్యాను. దూరపు పొలంవాడు ఎర్నీ. నన్ను చూసి అలవాటుగా వేలెత్తాడు. ఎత్తిన వేలు అలాగే ఉండిపోయింది. నోరు తెరుచుకుంది. వ్యాను మెల్లగా రోడ్డు దిగి గడ్డిలో ఆగిపోయింది.

నేను అద్దంలో చూసి, సిగ్నల్ ఇచ్చి, నెమ్మది చేసి, పక్కకి తీసి ఆపాను. ఎర్నీ దిగి చేతులు ఊపుతూ బాగానే ఉన్నానన్నాడు.

"ఆయనకేమైంది?" అంది ఆవిడ.

"ఏమీ కాలేదు. నేను పోయాననుకున్నాడు. మాంసం గిన్నె కూడా ఇచ్చాడు."

అప్పుడు ఆవిడ నావైపు తిరిగి చూసింది. భుజం మీది ఈక తీసి అట్టకి క్లిప్పులో పెట్టుకుంది. "అత్యవసరంగా ఆపడం చూపించమని అడగాల్సి ఉంది. చూపించేశారు" అంది.

తిరిగి వస్తుంటే పాల లారీ మళ్లీ ఎదురొచ్చింది. నేను ఎత్తాను. పక్కన ఆవిడ మోకాలి మీద కూడా ఒక వేలు లేచింది. చూడనట్టు నడిపాను, దృష్టి రోడ్డు మీదే పెట్టి.

పాసయ్యాను.

ఏప్రిల్ 2, గురువారం

టౌనుకి వెళ్లొచ్చాం. ఊనా జుట్టు సర్దించుకుంది, బెరిల్ మందులు తెచ్చుకుంది. ఊనా సీటు మరీ కిందికి ఉందని నసిగింది. వినలేదు.

వచ్చే దారిలో గిన్నెలు తిరిగి ఇచ్చేశాం. అన్నీ కడిగి వెనక సీట్లో బెరిల్ పక్కన, ఊనా ఒళ్లో పేర్చాను. ఒక్కో ఇంటి ముందు ఆగడం, అడుగున టేపు మీద పేరు చూడటం, తలుపు కొట్టడం. నా చావుకి వండిన గిన్నె నేనే తిరిగిచ్చాను. జోన్ ఏడ్చి ముద్దు పెట్టుకుంది. నెవిల్ తల్లి గుమ్మం పట్టుకుని నవ్వలేక కూర్చుండిపోయింది. ఎర్నీ దూరంగానే నిలబడి గిన్నె అందుకున్నాడు.

"మెర్ల్ బతికుండగా మీరెప్పుడూ ఇంత మంచి మాంసం వేసి వండలేదు" అని బెరిల్ కారులోంచే అందరికీ వినబడేలా చెబుతోంది.

చివర క్లెమ్ ఇల్లు. గిన్నె తీసుకోలేదు ముందు. ఆకుపచ్చ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పింగాణీ గుడ్డు ఇచ్చాను. జేబులో పెట్టుకున్నాడు. "గురువారం గురువారం వెళ్తారా?" అన్నాడు. వెళ్తామన్నాను. "వెనక సీట్లో చోటుందా?"

బెరిల్ జరిగింది. బెరిల్ ఎవరికోసమూ జరగదు.

అన్నీ ఇచ్చేశాక ఒక గిన్నె మిగిలింది. తిప్పి చూస్తే నా పేరే. నాకోసం నేను వండుకున్నది. "నీదే ఉప్పు తక్కువైంది" అంది బెరిల్. తుడిచి అలమారులో పెట్టాను, ముందు వరుసలో కాదు, వెనక.

రెండేళ్లకి మళ్లీ పరీక్ష ఉంది. అది రేపు రాస్తాను.

పొయ్యి చూసి రావాలి.

ఆపే ఉంటాను.